మూడోసారి పాసైన మెట్రిక్ – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక శాస్త్రవేత్త జీవితం రాసి ఇవ్వాలని అనుకున్నప్పుడు మేము ఎక్కువసేపు ఆలోచించలేదు. ఎం.ఎస్సీ. ల్యాబులో మేము చేసే ప్రయోగాల్లో ఒకదాని పేరు ఫిస్కే–సుబ్బారో పద్ధతి. ద్రావణంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి లెక్కకట్టే పద్ధతి అది. ఆ పేరులోని రెండో మనిషి భీమవరంలో పుట్టిన తెలుగువాడని మాలో చాలామందికి ఆ ప్రయోగం చేసిన రోజు కూడా తెలియదు. టెక్స్ట్‌బుక్కులో పేరు ఉంటుంది, మనిషి ఉండడు. అందుకే ఆ మనిషి గురించి ఇక్కడ రాస్తున్నాం.

బాల్యం, చదువు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి ఆరోగ్యం బాగాలేక ఉద్యోగం ముందే మానుకోవలసి వచ్చింది. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు కాశీకి పారిపోవాలనుకున్నారు. అక్కడికి వచ్చే యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలన్నది ఆ పిల్లవాడి ఆలోచన. తల్లి పట్టుబట్టి వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది.

బడిలో కూర్చున్నంత మాత్రాన చదువు రాలేదు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పారు. చివరికి మద్రాసులోని హిందూ హైస్కూలు నుంచి మూడోసారి రాసి పాసయ్యారు. ఈ మాటను తమ్ముళ్లు, చెల్లెళ్లు జాగ్రత్తగా చదవాలి. మన శరీరంలోని ప్రతి కణం పనికి అవసరమైన శక్తి ఏ రూపంలో ఉంటుందో తేల్చినవారిలో ఒకరు, పదో తరగతి స్థాయి పరీక్షలో రెండుసార్లు ఫెయిలయిన విద్యార్థి. ఫెయిలవడం మంచిదని మేము చెప్పడం లేదు. ఫెయిలయిన పిల్లవాణ్ణి మూడోసారి ఫీజు కట్టి పంపే మనిషి ఒకరు ఇంట్లో ఉండటం ఎంత ముఖ్యమో చెబుతున్నాం. సుబ్బారావుకు ఆ మనిషి తల్లి.

తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివారు. ఆ రోజుల్లో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. ఆమె అనుమతి లేనిదే మఠం వారు చేర్చుకోలేదు. వైద్యం చదివితే అదీ సేవేనన్న ఆలోచనతో 1915లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఖర్చుకు స్నేహితులు సాయం చేశారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కూడా ఆదుకున్నారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావుకు వివాహమైంది.

ఖద్దరు గౌను, తక్కువ డిగ్రీ

అది సహాయ నిరాకరణోద్యమ కాలం. విదేశీ వస్త్రాలు వదలండని గాంధీజీ పిలుపునిస్తే, సుబ్బారావు ఆపరేషన్ థియేటర్లోకి కూడా ఖద్దరు గౌను వేసుకుని వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ మాత్రమే చేతికి వచ్చింది. ఆ ఒక్క కాగితం తేడా ఆయన్ను చాలా దూరం వెంటాడింది.

ఈ కాలంలోనే ఇంట్లో పెద్ద విపత్తు జరిగింది. ఆయన సోదరులు ఇద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, కొద్ది రోజుల తేడాలో ఒకే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు ఆగవు. నోరు పూస్తుంది, రక్తం పలచబడుతుంది, మనిషి ఎండిపోయి పోతాడు. అప్పటికి దానికి మందు లేదు. తర్వాత సుబ్బారావుకు కూడా అదే జబ్బు సోకింది. ప్రముఖ ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠాలు కూడా చెప్పారు.

స్ప్రూ లాంటి ఉష్ణదేశపు జబ్బుల మీద పరిశోధన చేయాలంటే హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ట్రాపికల్ మెడిసిన్ స్కూలుకు వెళ్లాలి. కానీ డబ్బు ఎక్కడిది? కొంత మామగారు సమకూర్చారు. కొంత కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇస్తామంది. సత్యలింగం నాయకర్ గారు రంగూన్ వెళ్లి సంపాదించిన ఆస్తిని ధర్మకార్యాలకు, చదువులకు వదిలివెళ్లిన మహానుభావుడు. కాకినాడ ఎం.ఎస్.ఎన్. కాలేజీ పేరులో ఉన్నది ఆయనే. సముద్రం దాటి వెళ్లి కష్టపడిన ఒకరి సంపాదన, సముద్రం దాటవలసిన మరొకరి చదువుకు ఉపయోగపడింది. అంతకు పదేళ్ల ముందు, 1913లో, బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో బాబాసాహెబ్ అంబేద్కర్ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. స్కాలర్‌షిప్ అనేది దానం కాదు, దేశం పెట్టే పెట్టుబడి అని చెప్పడానికి ఈ ఇద్దరి పేర్లు చాలు.

ఒక తేడా కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. సుబ్బారావుది పేద బ్రాహ్మణ కుటుంబం. పేదరికం ఉన్నా బడి తలుపు ఆయనకు మూసి లేదు. మూడుసార్లు పరీక్ష రాసే అవకాశం ఉంది. అదే కాలంలో మన ముత్తాతల్లో చాలామందికి బడి అరుగు ఎక్కే హక్కే లేదు. బడి బయట నిలబడిన అంబేద్కర్, బడిలో పరీక్ష తప్పిన సుబ్బారావు ఒకే చోటు నుంచి బయలుదేరలేదు. ఈ సంగతి మరచిపోయి అందరి కష్టం ఒకటేనని రాస్తే అది అబద్ధమవుతుంది. కానీ అమెరికాలో దిగిన తర్వాత సుబ్బారావు కూడా ఏ హక్కూ లేని మనిషే అయ్యారు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారేదాకా అదే పరిస్థితి. రంగును బట్టి మనిషిని తూచే తక్కెడ ఎలాంటిదో ఆయన అక్కడ చూశారు.

బోస్టన్‌లో రాత్రి డ్యూటీ

1920ల మొదట్లో ఆయన బోస్టన్ చేరారు. చేతిలో డబ్బు దాదాపు లేదు. ఆయనకున్న ఎల్.ఎం.ఎస్.తో అక్కడ డాక్టరు పని దొరకలేదు. బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రి పోర్టరుగా చేరారు. రోగుల మలమూత్రాల గిన్నెలు శుభ్రం చేయడం ఆ పని. మద్రాసులో వైద్యం చదివినవాడు, పెళ్లయినవాడు, రాత్రంతా ఆ పని చేసి పగలు క్లాసుకు వెళ్లేవాడు. మన ఇళ్లలో ఇలాంటి పని చేసి మనల్ని చదివించిన అమ్మలు, నాన్నలు ఉన్నారు. ఆ పనిలో తక్కువతనం లేదు. దాన్ని తక్కువగా చూసే చూపులోనే ఉంది.

డిప్లొమా అయ్యాక హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రచురించారు. మేము మొదట్లో చెప్పిన నీలిరంగు పద్ధతి ఇదే. రక్తంలో, మూత్రంలో, కండరంలో ఉన్న అతి కొద్ది ఫాస్ఫేట్‌ను కూడా దీనితో పట్టుకోవచ్చు.

కొలిచే సాధనం చేతికొచ్చాక కొత్త సంగతులు బయటపడ్డాయి. కండరం పనిచేయడానికి శక్తి గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడం నుంచి నేరుగా వస్తుందని అప్పటి నమ్మకం. కండరాల మీద చేసిన పరిశోధనకు హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. 1927లో ఫిస్కే, సుబ్బారావు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని, కండరం పనిచేసినప్పుడు అది విడిపోతుందని, విశ్రాంతి తీసుకున్నప్పుడు మళ్లీ తయారవుతుందని చూపారు. 1929లో ఎ.టి.పి.ని కనుగొన్నారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. మన ఇంటర్ జీవశాస్త్రం పుస్తకంలో కణం కరెన్సీ అని చదివే ఎ.టి.పి. అదే. 1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. వచ్చింది.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు పర్మినెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. ఆ కాలంలో అక్కడే పనిచేసి, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందని, ఫిస్కే వాటిని వెలుగులోకి రానివ్వకపోవడమే అందుకు కారణమని చెప్పారు. సుబ్బారావు మాత్రం తన పేరు కోసం ఎవరితోనూ తగాదా పడలేదు. అది ఆయన గొప్పతనమని కొందరంటారు. మాకు మాత్రం అందులో నష్టం కూడా కనిపిస్తుంది. చేసిన పనికి పేరు అడగడం దురాశ కాదు.

ఆకులో దాగిన మందు

1940లో ఆయన హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబరేటరీస్‌లో చేరారు. కొద్దికాలానికే పరిశోధనల డైరెక్టరయ్యారు. ఒక పెద్ద బృందం ఆయన చేతికింద పనిచేసింది. అక్కడే ఆయన తన పాత శత్రువును, అంటే స్ప్రూను, మళ్లీ ఎదుర్కొన్నారు.

ఈ కథకు ఒక కొస మన దేశంలోనే ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు 1920ల చివర్లో బొంబాయి వచ్చి గర్భిణులకు, ముఖ్యంగా బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలకు, వచ్చే రక్తహీనతను పరిశీలించారు. ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ తింటే అది తగ్గుతోందని 1931లో ప్రకటించారు. అందులో ఉన్న వస్తువేమిటో అప్పటికి తెలియదు. 1941లో టెక్సస్ విశ్వవిద్యాలయం వారు టన్నులకొద్దీ పాలకూర నుంచి ఒక పదార్థాన్ని రవ్వంత వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. కానీ పాలకూర నుంచి, కాలేయం నుంచి వచ్చే రవ్వంతతో రోగులకు వైద్యం చేయలేరు. 1945లో సుబ్బారావు బృందం దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. టామ్ స్పీస్ అనే వైద్యుడు అమెరికాలోనూ క్యూబాలోనూ రక్తహీనత, స్ప్రూ రోగులకు దాన్ని ఇచ్చి చూశారు. మంచం పట్టినవాళ్లు లేచి కూర్చున్నారు. ఇద్దరు సోదరులను తీసుకుపోయిన జబ్బుకు, పాతికేళ్ల తర్వాత, వాళ్ల సోదరుడి బృందం చేతి మీదుగా మందు వచ్చింది.

బడిపిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. చేదుగా ఉందని దాన్ని కిటికీలోంచి విసిరే చెల్లెళ్లు, తమ్ముళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

విటమిన్‌కు విరుగుడు

ఫోలిక్ ఆమ్లం లేనిదే కణం కొత్త డి.ఎన్.ఎ. తయారు చేసుకోలేదు. డి.ఎన్.ఎ. లేనిదే రెండుగా చీలలేదు. రక్తకణాలు త్వరత్వరగా పుట్టాలి కాబట్టి ఈ విటమిన్ తక్కువైతే ముందు రక్తమే దెబ్బతింటుంది. క్యాన్సర్ కణాలు కూడా ఆగకుండా చీలేవే. మరి వాటికి ఈ విటమిన్ అందకుండా చేస్తే?

విటమిన్‌కు విరుగుడు ఉంటుందన్నది అప్పటికి తెలిసిన సంగతే. అమెరికాలో పాడైన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం కారి చచ్చిపోతుంటే, కార్ల్ పాల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ గడ్డిలో డైకుమరాల్ అనే పదార్థాన్ని కనిపెట్టారు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె పనిని అది అడ్డుకుంటుంది. గుండెలో కృత్రిమ కవాటం పెట్టినవారికి ఇచ్చే వార్ఫరిన్ మాత్ర ఆ కుటుంబానిదే. ప్రాణం తీసే విరుగుడే మోతాదు తెలిస్తే ప్రాణం పోసే మందవుతుంది.

బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు మొదట ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలనే ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా పెరిగినట్టు కనిపించింది. అయితే దానికి వ్యతిరేకమైనది ఇవ్వాలన్నమాట. లెడర్లీలో సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లం అణువులో చిన్న మార్పు చేసి అమినోప్టెరిన్ తయారు చేసింది. అది చూడటానికి అచ్చం ఫోలిక్ ఆమ్లంలాగే ఉంటుంది. తాళంలోకి దూరుతుంది, కానీ తిరగదు. నిజమైన తాళంచెవిని దూరనివ్వదు. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. ఆ గుణం కొన్నాళ్లే నిలిచింది. అయినా రక్త క్యాన్సర్ వచ్చిన బిడ్డ లేచి ఆడుకోవడం వైద్యులు అంతకుముందు చూడలేదు.

అమినోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ దానితో గర్భాశయంలో వచ్చే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను పూర్తిగా నయం చేశారు. నేటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో మెథోట్రెక్సేట్ ఉంది. కీళ్లవాతానికి కూడా వారానికొకసారి చిన్న మోతాదులో వాడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో దానికి చోటుంది.

బోదకాలు మాత్ర

మన కోస్తా జిల్లాల పిల్లలకు ఇంకొక సంగతి చెప్పాలి. బోదకాలుకు కారణమైన ఫైలేరియా పురుగుల మీద పనిచేసే డై ఇథైల్ కార్బమజైన్, అంటే డి.ఇ.సి. మాత్ర, కూడా సుబ్బారావు డైరెక్టరుగా ఉన్నప్పుడే లెడర్లీలో తయారైంది. 1947లో హెట్రజాన్ పేరుతో అది వెలుగులోకి వచ్చింది. 2004 నుంచి మన దేశంలో ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర అదే. ఆయన పుట్టిన గోదావరి ప్రాంతం బోదకాలుకు పేరుమోసింది. లెడర్లీలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ జాతి యాంటిబయాటిక్‌లలో అది మొదటిది. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు.

చెల్లించిన వెల

ఇంతవరకు రాసినవి విజయాలు. వీటికి చెల్లించిన వెల కూడా రాయకపోతే జీవితచరిత్ర సగమే అవుతుంది. సుబ్బారావు అమెరికా వెళ్లిన తర్వాత పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. ఆయన మళ్లీ స్వదేశానికి రాలేదు. శేషగిరమ్మ గారు భర్త కోసం ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు. శాస్త్రం కోసం ఆయన చేసిన త్యాగమని మనం సులభంగా రాసేస్తాం. కానీ ఆ త్యాగంలో పెద్ద భాగం ఆమెది. ఆమెను ఎవరూ అడిగి చేయించిన త్యాగం కాదు అది. మహనీయుల కథలు చదివేటప్పుడు ఇంట్లో ఉండిపోయిన మనిషిని కూడా తలుచుకోవడం నేర్చుకోవాలని మా కోరిక.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. అప్పటికి ఫార్బర్ ఫలితాలు వచ్చి రెండు నెలలు, ఆరియోమైసిన్ ప్రకటన వచ్చి కొద్ది వారాలు. నోబెల్ రాలేదు. ఆయన పేరు మీద ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

మేము నేర్చుకున్నది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కష్టపడితే చాలు పైకొస్తాం అని ముగించడం మాకిష్టం లేదు. సుబ్బారావు కష్టపడ్డారు, నిజమే. కానీ తల్లి మూడోసారి పరీక్షకు పంపింది. స్నేహితులు ఫీజు కట్టారు. మామగారు డబ్బు పోగుచేశారు. రంగూన్‌లో చెమటోడ్చిన ఒక పెద్దమనిషి ఆస్తి సముద్రం దాటించింది. పెర్ల్ రివర్‌లో ఒక బృందం మొత్తం ఆయనతో కలిసి రాత్రింబవళ్లు పనిచేసింది. వీళ్లలో ఏ ఒక్కరు లేకున్నా మెథోట్రెక్సేట్ ఎప్పుడు వచ్చేదో, ఎంతమంది పిల్లలు ఈలోగా పోయేవారో చెప్పలేం.

మాలో చాలామందిమి మా ఇళ్లలో మొదటిసారి డిగ్రీ పట్టా చూసినవాళ్లం. ఆ పట్టా వెనుక మెస్ బిల్లు, స్కాలర్‌షిప్, సీనియర్లు వదిలివెళ్లిన నోట్సు, వార్డెన్ సారు సంతకం, ఇంటి దగ్గర అమ్మానాన్నల కూలి డబ్బు ఉన్నాయి. కాబట్టి మేము అడిగేది రెండే. మన స్కాలర్‌షిప్ ఆలస్యమైతే అందరం కలిసి అడుగుదాం, అది మన హక్కు. మన గదిలో ఎవరైనా ఈసారి పరీక్ష తప్పితే వాళ్లకు రెండోసారికి, మూడోసారికి కూడా పక్కన కూర్చుని చెబుదాం. సప్లిమెంటరీ ఫీజు గడువు దాటకముందే వాళ్ల పేరు ఆఫీసులో ఇద్దాం.